వాంకూవర్‌లో నా భార్య గొంతు

నా భార్య పోయిన నాలుగో నెలలో మా ఇంట్లోంచి మూడు క్యాసెట్లు పోయాయి.

అవి బీరువాలో చీరల అడుగున ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. అలాంటి డబ్బా ఒకటి ఉందని ఆమె బతికుండగా నాకు తెలియదు. పదమూడో రోజు అయ్యాక, చీరలు ఎవరెవరికి ఇవ్వాలో చూసుకోమని పొరుగింటామె చెబితే బీరువా తెరిచాను. డబ్బాలో దారపు ఉండలు, గుండీలు, వాటి కింద ఈ మూడు. పైన పేరు లేదు, తేదీ లేదు. సినిమా పాటలనుకుని ఒకటి టేప్ రికార్డర్‌లో వేశాను. కాసేపు గరగర వినిపించింది. తర్వాత ఆమె దగ్గింది. దగ్గి, పాట ఎత్తుకుంది. మొదటి మాట పూర్తికాకముందే ఆపేశాను.

అప్పటికి వినే శక్తి నాకు లేదు. కొన్నాళ్లాగి వింటాననుకుని మళ్లీ డబ్బాలోనే పెట్టాను. ఆమె ఫొటోలు ఇంట్లో చాలానే ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా నాతో మాట్లాడిన గొంతు మాత్రం ఆ మూడింటిలో తప్ప ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిసే వాటిని వినకుండా దాచుకున్నాను. ఉన్నాయి కదా అన్న ధైర్యంతో రోజులు గడిచాయి. చివరికి ఒక మధ్యాహ్నం మనసు గట్టి చేసుకుని డబ్బా తెరిస్తే దారాలున్నాయి, గుండీలున్నాయి, క్యాసెట్లు లేవు.

నేను ఫిజీ దీవుల్లో, సువాలో కోర్టు దుబాసీగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే ఉద్యోగంలో చేరాను. సాక్షి హిందీలోనో తెలుగులోనో చెప్పింది జడ్జికి ఇంగ్లీషులో చెప్పడం, జడ్జి అడిగింది సాక్షికి అర్థమయ్యేలా చెప్పడం నా పని. తెలుగులో చెప్పే ముసలివాళ్లు ఏటేటా తగ్గిపోయారు. నేను దిగిపోయేనాటికి ఏడాదికి ఒకరు కూడా రావడం లేదు. ఎవరి భాషలో మాట్లాడినా ఒక సంగతి మాత్రం ఒకేలా ఉండేది. నిజం చెప్పేవాడు తడబడతాడు, మధ్యలో ఆగుతాడు. కన్నీళ్లు సరైన చోట పెట్టి, మాటలు పేర్చి చెప్పేవాడి దగ్గర ఏదో ఒక లొసుగు ఉంటుంది. ఆ అనుమానం కోర్టులోనే వదిలి ఇంటికి రావాల్సింది. రాలేకపోయాను.

క్యాసెట్లు పోయాయని తెలిసిన రోజే కాగితం తీసుకుని, ఆ నాలుగు నెలల్లో మా ఇంటికి వచ్చి, పడగ్గది దాకా వెళ్లే చనువున్నవాళ్ల పట్టిక రాశాను. పెద్ద పట్టిక కాదు. మొదటి పేరు పొరుగింటామెదే.

ఆమెది మా రాకిరాకి వైపు తెలుగు కుటుంబమే. సగం తెలుగు, సగం ఫిజీ హిందీ కలిపి మాట్లాడుతుంది. నా భార్య ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నాకు అన్నం పంపింది. మా ఇంటి తాళం చెవి ఒకటి ఆమె దగ్గర ఉంటుంది. అటువంటి మనిషిని అనుమానించడానికి నాకు సిగ్గేసింది. అయినా అనుమానించాను. ఆమె ఇంట్లో పొద్దున లేచింది మొదలు క్యాసెట్ మోగుతూనే ఉంటుంది. ఖాళీ క్యాసెట్లనుకుని తీసుకెళ్లి, వాటి మీద సినిమా పాటలు ఎక్కించుకుందేమో అన్న ఊహ నన్ను పట్టుకుంది. వారం రోజులు ఆమె కిటికీ వైపు కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ ఇంట్లో మోగే ప్రతి పాటా విన్నాను. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే ఖాళీలో మా ఆవిడ దగ్గు వినిపిస్తుందేమోనని.

చివరికి కరివేపాకు వంకతో ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె వంటింట్లో ఉంది. ముందుగదిలో అరమీద క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. ఆమె ఎప్పుడు వచ్చిందో తెలియదు, గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“భైయా, కరివేపాకు బాహర్ ఉంది,” అంది. “క్యాసెట్‌లో మొలవదు.”

చేతిలోని క్యాసెట్ అరమీద పెట్టేశాను. ఆమె కరివేపాకు తుంచి తెచ్చి చేతిలో పెట్టింది. ఏం వెతుకుతున్నారని అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానంగానే తోచింది.

పట్టికలో రెండో పేరు నా భార్య అక్క కూతురిది.

ఆ అమ్మాయి సెయంగంగాలో చెరకు పొలాల మధ్య పుట్టింది. అక్కడ హైస్కూలుకు దూరం ఎక్కువ, దారి బాగుండదు. అందుకని పన్నెండో ఏట సువాకు తెచ్చి మా ఇంట్లో ఉంచారు. మాకు పిల్లలు లేరు. నాలుగేళ్లు మా దగ్గరే పెరిగింది. తర్వాత దేశంలో సైన్యం ప్రభుత్వాన్ని పడగొట్టడం, ఇండియా మూలాలున్న మా వాళ్లు ఎక్కడెక్కడికో వెళ్లిపోవడం మొదలయ్యాక, వాళ్ల నాన్న కూడా అందరినీ తీసుకుని ఆక్లాండ్ వెళ్లిపోయాడు. అక్కడ ఆమె గాయని అయింది. ఇంగ్లీషూ ఫిజీ హిందీ కలిపిన పాటలు, వెనక డ్రమ్ములు, గిటార్లు. తొలి ఆల్బమ్ విడుదలైన వారమే నా భార్య పోయింది. అమ్మాయి రాలేదు. మనిషెత్తు పూలచక్రం పంపింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక కార్ల షెడ్డులో పెట్టాం.

మూడో నెలలో వచ్చింది. ఆల్బమ్ కోసం పెద్ద టూర్ పెట్టుకున్నారట. ఆక్లాండ్, సిడ్నీ, బ్రిస్బేన్, వాంకూవర్. ఫిజీ నుంచి వెళ్లిపోయినవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో అక్కడల్లా. చివర్లో ఇక్కడ, లౌటోకాలోనూ లంబాసాలోనూ. ఆ హాళ్ల ఏర్పాట్లు చూసుకోవడానికి వస్తూ మా ఇంటికి వచ్చింది. కార్యక్రమాలు చూసే మేనేజరు కూడా వెంట వచ్చాడు. అతను ఆరడుగులు దాటిన ఫిజియన్, ఈ దీవుల మూలవాసి. సెయంగంగా దగ్గర్లోనే అతని ఊరు.

ఇద్దరూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి వచ్చి, కుర్చీలున్నా చాప మీద కూర్చున్నారు. అమ్మాయి వార్తాపత్రికలో చుట్టి, రిబ్బను కట్టిన పొడుగాటి కట్ట ఒకటి నా ముందు పెట్టింది. యాంగోనా వేళ్లు. ఫిజీలో ఆ వేళ్లు దంచి, నీళ్లలో పిండి తాగని ఇల్లు ఉండదు. చావు జరిగిన ఇంటికి వచ్చేవాళ్లు కూడా అదే తెస్తారు. ఆ పదమూడు రోజుల్లో మా ఇంట్లో ఒక మూలంతా యాంగోనా పొట్లాలే. కానీ అందరూ దంచిన పొడి తెస్తారు. దుఃఖంలో ఉన్న ఇంట్లోవాళ్లకు దంచే పని పెట్టకూడదు కదా. ఈమె నిండు వేళ్లు తెచ్చింది. విదేశం పోయి ఇది కూడా మరిచిపోయిందనుకున్నాను.

ఆమె వెన్ను నిటారుగా పెట్టి, అరచేతులు దొప్పల్లా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టింది. మేనేజరు వెనకాల తల వంచుకుని కూర్చున్నాడు. నాకు చిరాకేసింది. స్టేజీ మీద చేసే పనిలా ఉంది. ఎక్కడైనా కెమెరా పెట్టారా అని కూడా చుట్టూ చూశాను.

“చిన్నాన్నా,” అంది. “నిన్ను ఒక మాట అడగాలని వచ్చా. పిన్ని…”

అక్కడ మాట ఆగిపోయింది. ఇక ఏడుపు, ఆ తర్వాత ఉపన్యాసం వస్తాయని నాకు అనిపించింది. రెండూ భరించే స్థితిలో లేను. చేతులు చాచి ఆ కట్ట తీసుకున్నాను. సరేలే అన్నట్టు తల ఊపి, దాన్ని నా భార్య ఫొటో ముందు పెట్టాను. మేనేజరు లోతుగా చప్పట్లు కొట్టి, వాళ్ల భాషలో కృతజ్ఞత చెప్పాడు. ఇద్దరి ముఖాలూ తేలికపడ్డాయి. వచ్చిన పని అయినవాళ్లలా కనిపించారు. అది నేను గమనించాను, ఎందుకో అని కూడా అనుకున్నాను, కానీ అడగలేదు. టీ తాగి వెళ్లిపోయారు. పడగ్గదిలోకి వెళ్లలేదు. అందుకే పట్టికలో ఆమె పేరు రెండోది అయింది.

ఆ వేళ్లను పొరుగింటామె దంపించింది. మా వీధివాళ్లు మూడు సాయంత్రాలు తాగారు. నేనూ తాగాను.

క్యాసెట్లు పోయాయని తెలిశాక ఒక నెల పైన గడిచింది. ఒక ఆదివారం పొద్దున పొరుగింటామె కంచె మీదుగా పిలిచింది. మామూలుగా పిలిచే గొంతు కాదు.

“భైయా, ఇటు రా. దీదీ పాడుతోంది, రేడియోలో.”

నేను కంచె దగ్గరికి వెళ్లాను. ఆమె రేడియో తెచ్చి కిటికీలో పెట్టి, పెద్దగా తిప్పింది. వాంకూవర్‌లో జరిగిన కచేరీ రికార్డింగు అది. మన దేశపు బిడ్డ, తొలి ఆల్బమ్, విదేశాల్లో నిండిన హాళ్లు అని అనౌన్సర్ ఏదో చెబుతున్నాడు. వినపడుతున్నది మాత్రం నా భార్య. వంటింట్లో పనిచేసుకుంటూ పాడినట్టు, పైకి ఎత్తకుండా, ఊపిరి వినబడేలా. ఎనిమిదో తొమ్మిదో పంక్తుల తర్వాత ఆ గొంతు ఆగింది. వెంటనే డ్రమ్ములు మొదలై, మా అమ్మాయి గొంతు అందుకుంది. హాలంతా ఈలలు, చప్పట్లు.

ఆ పాట నాకు తెలుసు. తెలుసు అంటే మొదలు తెలుసు. పెళ్లయిన కొత్తలో ఆమె కూరలు తరుగుతూ పాడేది. వాయినికోరో అనే ఊళ్లో వాళ్ల నానమ్మ దగ్గర నేర్చుకున్న దంపుళ్ల పాట. చెరకు తోటల్లో కూలికి ఇండియా నుంచి ఓడలో వచ్చినవాళ్లు నోట పెట్టుకుని తెచ్చినవి అవి. మూడు తరాల్లో మాటలు అరిగిపోయాయి, మధ్యలో హిందీ మాటలు వచ్చి చేరాయి. నేను అప్పట్లో మద్రాసు నుంచి పుస్తకాలు తెప్పించుకుని చదువుతుండేవాణ్ణి. అసలు మాట ఇది అయ్యుంటుందని ఆమెకు చెప్పేవాణ్ణి. మంచి ఉద్దేశంతోనే చెప్పాను. ఒకసారి పాట సాంతం చెప్పమని, దిద్ది రాసిస్తానని కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను కూడా. గుర్తు లేదంది. కొన్నాళ్లకు పాడటం మానేసింది. ఇంటి పనిలో పడి మానేసిందనుకున్నాను.

కంచె అవతల పొరుగింటామె కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. నేను అడిగాను, ఆ క్యాసెట్లు ఆ పిల్లకు ఎలా వెళ్లాయని. ఆమె ఆశ్చర్యంగా చూసింది. నేను రక్తపరీక్షకు ఆసుపత్రికి వెళ్లిన రోజు అమ్మాయి మళ్లీ వచ్చిందట. తన దగ్గరున్న చెవితో పొరుగింటామే తాళం తీసిందట. అమ్మాయి నేరుగా బీరువా దగ్గరికి వెళ్లి, డబ్బాలోంచి తీసుకుని, తన చున్నీలో చుట్టుకుని వెళ్లిందట.

“నువ్వు ఇచ్చావని చెప్పింది, భైయా. ఇయ్యలేదా?” అంది. తర్వాత, “అందుకా నా ఇంట్లో కరివేపాకు వెతికావు? హమ్ చోర్ హై కా?” అంది.

నువ్వు దొంగవు కాదు అని చెప్పడానికి నాకు కొంత సమయం పట్టింది. ఆమె రేడియో తీసి లోపలికి వెళ్లిపోయింది. రెండు రోజులు కంచె దగ్గరికి రాలేదు.

నేను ఇచ్చానట. ఆ మాట నన్ను వదల్లేదు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో అబద్ధాలు చాలా విన్నాను, అనువదించాను. మా ఇంట్లో పెరిగిన పిల్ల, మా బీరువా ముందు నిలబడి, నా పేరు మీద అబద్ధం చెప్పిందనేది మాత్రం మింగుడు పడలేదు. అన్నిటికంటే కష్టమైనది ఇంకోటి ఉంది. నేను వినడానికి ధైర్యం చాలక దాచుకున్న గొంతును నాకంటే ముందు వాంకూవర్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్లు విన్నారు. ఈలలు వేశారు.

లౌటోకా కచేరీకి ఇంకా పన్నెండు రోజులుంది. అప్పటికే సువా బస్టాండు గోడల మీద ఆమె బొమ్మలు అంటించారు. కళ్లు మూసుకుని, చేతులు చాచి ఉంది. ఆ మూసిన కళ్లను కూడా నేను నమ్మలేదు. ఇంటికి వచ్చి ఫిర్యాదు రాసుకున్నాను. అయిదు అంశాలు. అనుమతి లేకుండా ఇంట్లోకి రావడం, అబద్ధం చెప్పడం, తీసుకెళ్లడం, ఊరూరా వినిపించడం, చనిపోయిన మనిషికి ఇష్టమో కాదో అడిగే వీలు లేకపోవడం. ఇంగ్లీషులోనే రాశాను. ఫిర్యాదులు నాకు ఆ భాషలోనే వస్తాయి. అన్నాళ్లూ ఇతరుల మాటలే చెప్పాను; నా తరఫున చెప్పాల్సి రావడం ఇదే మొదటిసారి.

కచేరీ రోజు మొదటి బస్సు ఎక్కి మధ్యాహ్నానికి లౌటోకా చేరాను. హాల్లో మనుషులు తీగలు లాగుతున్నారు, ఒకతను డ్రమ్ము మీద ఒకే దెబ్బ పదే పదే కొడుతున్నాడు. మా అమ్మాయి స్టేజీ అంచున రబ్బరు చెప్పులతో కూర్చుని, కాగితంలో చుట్టిన రోటీ కూర తింటోంది. నన్ను చూసి చెయ్యి తుడుచుకుని దిగివచ్చి కాళ్లకు దణ్ణం పెట్టింది. నేను వస్తానని అనుకోలేదని, ముందు వరసలో కుర్చీ వేయిస్తానని అంది. నేను కాగితం తీసి చదివాను. అయిదు అంశాలూ చదివాను. డ్రమ్ము కొట్టేవాడు ఆపేశాడు.

ఆమె ముఖంలో భయం కోసం చూశాను. లేదు. అర్థం కానట్టు చూస్తోంది.

“నేను అడిగా కదా, చిన్నాన్నా. నువ్వు తీసుకున్నావు కదా.”

మా వాళ్ల తెలుగులో ‘మీరు’ ఎప్పుడో పోయింది. పెద్దలనైనా నువ్వనే అంటారు. నేను ఏం తీసుకున్నానని అడిగాను.

“కట్ట. యాంగోనా కట్ట.”

మేనేజరు అప్పటికే మా దగ్గరికి వచ్చాడు. ఇంగ్లీషులో, చాలా మర్యాదగా మాట్లాడాడు. తన ఊళ్లో ఎవరినైనా పెద్దమనిషిని పెద్ద కోరిక కోరాలంటే దంచని వేళ్లు ముందు పెట్టి అడుగుతారని, ఆయన ముట్టకపోతే కాదని, చేతిలోకి తీసుకుంటే సరేనని అర్థమని చెప్పాడు. క్యాసెట్ల సంగతి ఫోనులో అడగడం తప్పని, ఇలా అడగాలని అమ్మాయికి తనే చెప్పాడట. “ఆమె మాట పూర్తి చెయ్యకముందే మీరు తీసుకున్నారు సార్,” అన్నాడు. “మీకు ఆమె ఏం అడగబోతుందో తెలుసు, ఆమె ఏడవకుండా ఉండాలని త్వరగా ఒప్పుకున్నారు అనుకున్నాం. మా వాళ్లలో చాలా పెద్దమనసున్నవాళ్లే అలా చేస్తారు.”

అతను చెప్పింది నాకు కొత్త కాదు. నేను పుట్టింది ఈ దేశంలో. భూమి తగాదాల్లో ఆ కట్ట ఇచ్చారా లేదా, పుచ్చుకున్నారా లేదా అని లాయర్లు రోజుల తరబడి వాదించడం నేను విన్నాను. ఆ ప్రశ్నలు నా నోటితో సాక్షులను అడిగాను. వేళ్లు దంచకుండా తెచ్చిందేమిటా అని ఆ రోజు అనుకున్నాను కూడా. అయినా తోచలేదు. చావు ఇల్లు కాబట్టి చావు కోసమే తెచ్చిందనుకున్నాను. చప్పట్లు నటన అనుకున్నాను. మనసులో మాట ఉండి రాకపోతే దాన్ని ఉపన్యాసం అనుకున్నాను. తడబడేవాడు నిజం చెబుతాడని నమ్మేవాణ్ణి, ఆమె తడబడినప్పుడు విననైనా వినలేదు.

ఇదంతా ఆ క్షణంలో ఒప్పుకున్నానని చెప్పలేను. ఆ క్షణంలో నేను అన్నది ఒకటే. అర్థం కాక తీసుకున్నాను, క్యాసెట్లు నాకు తిరిగి కావాలి అన్నాను.

ఆమె వెంటనే సరేనంది. వాదించలేదు. వెళ్లి, దూది పరిచిన చిన్న పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇవాళ్టి కచేరీలో పిన్ని పాట తీసేస్తానని మేనేజరుతో చెప్పింది. అతను తల ఊపాడు. అంత తేలిగ్గా ఇవ్వడం కూడా నాకు వింతగానే ఉంది. అప్పుడు ఆమె, ఒక్కసారి ఇక్కడ విని తీసుకెళ్లమంది. ఇంట్లో ఉన్న పాత టేప్ రికార్డర్ టేపు నమిలేస్తుందని, ఇక్కడి యంత్రం మంచిదని చెప్పింది. వింటే నేను మెత్తబడతానని ఆమె ఎత్తు కావచ్చు. అలా అనుకుంటూనే కూర్చున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టారు.

నేను ఇంట్లో వేసిన క్యాసెట్ కాదు ఇది. ముందు గరగర. తర్వాత ఒక చిన్నపిల్ల గొంతు, పన్నెండు పదమూడేళ్లది. “పిన్నీ, పాడు. ఎర్ర బటన్ నొక్కినా.” నాకు అంతవరకు తెలియదు, వాటిని రికార్డు చేసింది ఆ పిల్లని. నా భార్య దగ్గింది. ఏం పాడాలి, నాకు సిగ్గు అంది. నవ్వింది. ఆ నవ్వు నేను విన్నదే, కానీ చాలా ఏళ్ల కిందట విన్నది. వెనకాల కుక్కరు కూస్తోంది. పాట మొదలైంది. ఒక చరణం అయింది, రెండోది సగంలో ఉంది. అప్పుడు దూరంగా ఇనుప గేటు చప్పుడు.

పాట ఆగిపోయింది. “బస్, ఆపెయ్,” అంది నా భార్య. “చిన్నాన్న వచ్చాడు.”

టక్కుమని ఆగింది.

రెండో క్యాసెట్ వేయమన్నాను. వేరే పాట. అదీ సగంలోనే, గేటు దగ్గరే ఆగింది. మూడోదాంట్లో గేటు చప్పుడు లేదు. గడియారం చూసి చెప్పినట్టుంది, టైం అయింది, వస్తాడు, తీసెయ్ అంది. ఆ మాటలు మళ్లీ మళ్లీ తిప్పించుకుని విన్నాను. గొంతులో ఏముందో పట్టుకోవడం నా వృత్తి. భయం లేదు. కోపం లేదు. మాస్టారు గదిలోకి వచ్చేసరికి పిల్లలు పలకలు దాచుకుంటారు, అలా ఉంది.

హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాను. అమ్మాయి నా పక్కన నేల మీద కూర్చుంది. నేను ఇంట్లో ఉన్నప్పుడు మీ పిన్ని ఎప్పుడైనా పాడిందా అని అడిగాను. లేదంది. ఎందుకని అడిగాను.

“తప్పు మాట వింటే నీకు కష్టం అవుతుందని పిన్ని అనేది,” అంది. “అందుకే ఆపేది. నీ మీద కోపం ఎప్పుడూ లేదు, చిన్నాన్నా.”

ఆ మాట నా భార్య నిజంగా అన్నదో, ఆ అమ్మాయి అప్పటికప్పుడు నా కోసం కల్పించిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. చాలాసార్లు ఆలోచించాను. తడబడకుండా చెప్పింది.

పెట్టె ఆమెకు తిరిగి ఇచ్చేశాను. ఇవి నీ కోసం పాడినవి, నీ దగ్గరే ఉండాలి, నాకు ఒక కాపీ చేసి పంపు అన్నాను. పాట కచేరీలో ఉంచమన్నాను. ఆమె ఏడ్చింది. ఈసారి నేను అడ్డు రాలేదు, అయ్యేవరకు కూర్చున్నాను. తర్వాత వాంకూవర్ రికార్డింగులో గేటు చప్పుడు ఎందుకు లేదని అడిగాను. బాగుండదని కోసేశామంది. అది ఉంచమన్నాను. ఆమె ఇంజనీరు వైపు చూసింది. ఆ చప్పుడు చాలా పెద్దగా వస్తుందని, జనం ఉలిక్కిపడతారని అతను అన్నాడు. పరవాలేదన్నాను. గేటు తర్వాత నా భార్య అన్న మాటలు మాత్రం వద్దన్నాను. అవి హాలుకు చెప్పినవి కావు.

సాయంత్రం హాలు నిండింది. నేను ముందు వరసలో వద్దని పక్క గోడ వైపు కూర్చున్నాను. నా చుట్టూ ఉన్న పిల్లల్లో ఒక్కరికీ తెలుగు రాదు. పాటలు చాలా ఉన్నాయి. వాటి గురించి చెప్పేంత జ్ఞానం నాకు లేదు, డ్రమ్ములు ఎక్కువ. మధ్యలో దీపాలు తగ్గించి, మా పిన్ని అని మాత్రం చెప్పి ఆమె పక్కకు జరిగింది. నా భార్య పాడింది. ఒక చరణం. రెండోదాంట్లో సగం. గేటు చప్పుడు హాలంతా దద్దరిల్లేలా మోగింది. నా ముందున్న అమ్మాయి తన స్నేహితురాలి చెయ్యి పట్టుకుంది. ఎవరో వచ్చారనుకుని కొందరు వెనక్కి తిరిగి తలుపు వైపు చూశారు.

నేను తిరగలేదు. మా అమ్మాయి ఆ ఆగిన మాట దగ్గరే అందుకుంది. ఈసారి డ్రమ్ములు లేవు. రెండో చరణం పూర్తయింది. అక్కడితో అయిపోతుందనుకున్నాను. గుర్తు లేదని నా భార్య నాతో అన్న మాటలు ఆమె పాడుతూనే ఉంది. ఆ పాటకు ఇంకా నాలుగు చరణాలున్నాయి.